పీరయ్య వేసిన గడియ

నాకు పదకొండేళ్లప్పుడు, ఒక ఎండాకాలం సెలవుల్లో, మేం జాంబియా వెళ్లాం. మేం అంటే నేను, అమ్మ, మా అవ్వ నాగులమ్మ. నాయన అప్పటికి రెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. బోరు బండి మీద డ్రిల్లరు పని. ఉదయగిరి, సీతారామపురం చుట్టుపక్కల ఏడొందల అడుగులు దింపినా దుమ్ము తప్ప తడి కనపడని చేలల్లో పదేళ్లపాటు బోర్లు వేసి, రైతుల ముఖాలు చూడలేక విసిగిపోయాడు. కలువాయి రామనారాయణ మామ ముందుగా ఆ దేశం వెళ్లి పిలిస్తే, ఆయన వెనకాలే పోయాడు.

ఫోను చేసినప్పుడల్లా నాయనది ఒకటే మాట.

"ఈడ నూటిరవై అడుగులకే నీళ్లు ఎగజిమ్మతాయమ్మా గోపికా. నీళ్లు పడంగానే ఊరు ఊరంతా వొచ్చి చిందులేస్తారు. నువ్వొకసారి జూడాల."

"ఏనుగులుంటాయా నాయనా?"

"ఏనుగులా! మన బోరు కాడికే వొస్తాయి, నీళ్లు తాగేదానికి."

ఇక నేను ఊరుకుంటానా? ఆత్మకూరులో మా అద్దె ఇంట్లో ఆ ఏడాదంతా ఏనుగుల గోలే. క్లాసులో అందరికీ చెప్పేశాను, వెళ్తున్నామని. అమ్మకు విమానమంటే భయం. కానీ నాయన్ను చూసి ఆమెకూ రెండేళ్లయింది, కాబట్టి చివరికి నా వైపే వచ్చింది. నాయన కంపెనీలో అడిగితే, కుటుంబం వచ్చి క్యాంపులో నలభై రోజులు ఉండొచ్చన్నారు.

తేలనిది ఊళ్లో ఉండే అవ్వ సంగతే. "అడివిలోకొచ్చి నేనేం జెయ్యాల?" అని ఒకటే పట్టు పట్టింది. రెండు రోజులు పోయాక ఉదయగిరి బస్సు దిగి మా ఇంటికి వచ్చి, "వాడు యాడ పండుకుంటాండాడో, ఏం తింటాండాడో ఒకసారి కళ్లారా జూసి వొస్తాలే" అంది. చెన్నైలో టీకా వేసేటప్పుడు సూది చూసి ఆ గది దద్దరిల్లేలా అరిచింది కానీ, విమానంలో కిటికీ పక్క సీటు మాత్రం నాకివ్వలేదు.

రాజధాని లుసాకాలో దిగి, మర్నాడు తెల్లవారుజామున రామనారాయణ మామ పికప్పులో బయలుదేరితే పొద్దుగూకే వేళకు క్యాంపు వచ్చింది. లువాంగ్వా అనే నదికి ఇవతల, అడివి అంచున నాలుగు రేకు గదులు. ఒక మూల వంట చేసుకునే పందిరి. మరో మూల బోరు బండి, దాని పక్కన ఇనుప పైపులు, బురద నీళ్ల కోసం తవ్విన గుంట. వీటన్నిటి చుట్టూ ముళ్లకంప, తీగలు కలిపి అల్లిన కంచె. కంచెకు దుంగలతో చేసిన గేటు. గేటుకు లోపలివైపు అడ్డంగా ఒక పెద్ద కొయ్య, అదే గడియ.

సాయంత్రం ఐదింటికి ఆ గడియ పడితే మళ్లీ తెల్లవారాకే తీయాలి. తీసేదీ వేసేదీ ఒక్కడే, కాపలాదారు. పేరు ఐజాక్ ఫిరి. నలభై ఏళ్లుంటాయి. పొడుగ్గా, సన్నగా, పాదాలకు టైరు చెప్పులతో ఉండేవాడు. ఆ పేరు అవ్వకు నోరు తిరగలేదు. మొదటి రోజే ఆయన్ను పీరయ్యను చేసేసింది. ఆయన కూడా "పీరయ్యా!" అని కేకేస్తే పలికేవాడు.

మన దగ్గర మే నెలంటే వడగాడ్పు. అక్కడేమో వానలైపోయి చలి మొదలయ్యే కాలం. పొద్దున్నే దుప్పటి కప్పుకుని బయటికి వచ్చిన అవ్వ, కంచె అవతల ఒక చెట్టు దగ్గర ఆగి, ఆకు తుంచి నోట్లో వేసుకుని, "ఒమే ప్రేమా! ఇది మన చింతచెట్టే!" అని అమ్మను కేకేసింది. నిజంగా చింతచెట్టే. ఆ రోజు నుంచి అవ్వకు ఆ దేశం మీద భయం పోయింది. పీరయ్య తినే మొక్కజొన్న పిండి ముద్ద చూసి, "ఇది సంగటే గదా, రంగు తెలుపు, అంతే" అని తేల్చేసింది. ఆయనకు ఒక రాగి సంగటి ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి గోంగూర పచ్చడి వేసి ఇచ్చింది. కారానికి ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. ముక్కు తుడుచుకుని, మళ్లీ చెయ్యి చాపాడు.

అలా వాళ్లిద్దరూ చుట్టాలైపోయారు. అవ్వ తెలుగులో, ఆయన తన భాషలో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. తప్పనిసరైన మాట ఏదైనా ఉంటే నన్ను పిలిచేవాళ్లు. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు, నాకు ఆత్మకూరు స్కూలు ఇంగ్లీషు వచ్చు. అమ్మకూ అవ్వకూ ఒక్క ముక్క రాదు. ఆయన మాట మా వాళ్లకు చేరాలన్నా, మా వాళ్ల మాట ఆయనకు చేరాలన్నా నా నోటి మీదుగానే పోవాలి. అది నాకెంత గొప్పగా ఉండేదో చెప్పలేను.

పొద్దున్నే గడియ తీశాక పీరయ్య నన్ను వెంటబెట్టుకుని కంచె చుట్టూ తిరిగేవాడు. రాత్రి ఏమేం వచ్చి పోయాయో నేల చూసి చెప్పేవాడు. ఏనుగు ముందు కాలి జాడ గుండ్రంగా, వెనక కాలిది గుడ్డులా పొడుగ్గా ఉంటుంది. అంచులు రాలిపోయి ఉంటే అది నిన్నటి జాడ. అంచు పదునుగా ఉంటే ఇప్పటిది. హైనా గోళ్లు నేలలో దిగుతాయి, చిరుతవి దిగవు. మధ్యలో నా రబ్బరు చెప్పుల జాడ కనిపిస్తే ఆగి, చాలా గంభీరంగా వంగి చూసి, "ఇది ఏ జంతువు?" అనేవాడు. "గోపిక!" అని నేను అరిస్తే తల వెనక్కి వేసి నవ్వేవాడు.

ఆదివారాలు నాయన మమ్మల్ని పికప్పులో నది అవతల అభయారణ్యానికి తీసుకెళ్లేవాడు. జిరాఫీలు రోడ్డు దాటుతుంటే అమ్మ నోరు తెరిచి ఫోటో తీయడమే మర్చిపోయింది. నీటి గుర్రాలు నదిలో మునిగి తేలుతూ, ముసలాళ్లు అరుగు మీద కూర్చుని నవ్వుకుంటున్నట్టు చప్పుడు చేసేవి. ఒకరోజు రెండు గంటలు వెతికితే సింహం దొరికింది. పొద కింద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. మేం అరగంట చూశాం, అది తోక కూడా కదపలేదు. "ఈ నిద్రమొహందాన్ని జూసేదానికా ఇంత దూరం?" అంది అవ్వ. పికప్పు తోలుతున్న నాయన నవ్వి నవ్వి బండి ఆపేశాడు. ఆత్మకూరులో ఉన్నన్నాళ్లూ నాయన అంతలా నవ్వగా నేను చూడలేదు.

బోరు వేసే చోటికి కూడా ఒకసారి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం దాకా తెల్ల దుమ్ము. తర్వాత దుమ్ము తడిసింది. ఉన్నట్టుండి గొట్టం నోట్లోంచి బురద, దాని వెనకాలే నీళ్లు తాటిచెట్టెత్తున లేచాయి. ఆడవాళ్లు నోటితో కూత పెట్టారు. పిల్లలు బట్టలతోనే నీళ్ల కింద నిలబడ్డారు, వాళ్లతోపాటు నేనూ. తల నుంచి కాళ్ల దాకా బురదతో నిలబడ్డ నాయన చెయ్యి పట్టుకుని ఒక ముసలాయన ఏదో అన్నాడు. "ఏమంటాండాడు నాయనా?" అని అడిగాను. "ఏమోనమ్మా. మన సైడు ఇట్ట ఎవురూ నా చెయ్యి పట్టుకోలా" అన్నాడు.

క్యాంపుకు కాస్త దూరంలో కూడా ఒక కొత్త బోరు ఉండేది. దాన్ని పరీక్షించడానికి రోజూ కొన్ని గంటలు నీళ్లు తోడి వదిలేవాళ్లు. ఆ నీళ్లు పొదల వెనక ఒక పల్లంలో నిలిచి చిన్న మడుగైంది. సాయంత్రం ఐదున్నరకు ఏనుగుల గుంపు ఆ మడుగుకు వచ్చేది. ఏడు పెద్దవి, ఒక గున్న. కంచెలోంచి చూస్తే పొదల పైన వీపులు మాత్రం కనిపించేవి. గున్న కనపడేది కాదు.

"నన్ను తీసుకెళ్లవా? దూరం నుంచే చూస్తా" అని పీరయ్యను ఎన్నిసార్లు అడిగానో.

"పిల్ల ఉన్న తల్లి దగ్గరికి పోకూడదు" అనేవాడు. "ఏనుగును కంచె లోపలి నుంచి చూడు, లేదా బండిలోంచి చూడు. కాళ్ల మీద నిలబడి చూడొద్దు."

మా ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులు ఉందనగా, ఆ సాయంత్రం కూడా అడిగాను. అదే మాట చెప్పి, గడియ వేసి, రెండు చేతులతో లాగి చూసుకుని, కంచె వెనక వైపుకు పోయాడు. ఎండిన ఏనుగు పేడలో మిరపకాయలు దంచి కలిపి పొగ పెడితే ఆ ఘాటుకు ఏనుగులు దగ్గరికి రావు. రోజూ ఆ వేళకు ఆయనకు అదే పని. అమ్మ, అవ్వ పందిట్లో వంట చేస్తున్నారు. నాయన స్నానానికి వెళ్లాడు.

నేను గడియ ఎత్తాను. బరువుగానే ఉంది. రెండు చేతులతో ఎత్తి పక్కన నిలబెట్టి, గేటు సందులోంచి జారుకున్నాను.

పొదల ఇవతల నా ఎత్తు చీమలపుట్ట ఉంది. దాని వెనక కూర్చున్నాను. పీరయ్య నేర్పినట్టు గుప్పెడు దుమ్ము వదిలి గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాను. గాలి నా వైపే వస్తోంది. గున్న మడుగు ఒడ్డున ఉంది. దానికి తొండంతో నీళ్లు తాగడం ఇంకా రాదు. తొండాన్ని పక్కకు విసిరేసి, ముందు కాళ్ల మీద మోకరిల్లి, పిల్లలు కుళాయి కింద తాగినట్టు నోటితో తాగుతోంది. తాగి లేవబోయి బురదలో జారింది. మళ్లీ లేచి మళ్లీ జారింది. మూడోసారి వాళ్లమ్మ కాలు అడ్డం పెట్టింది. పొద్దు వాలి నీళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ఊపిరి పీల్చడానికి కూడా భయపడుతూ చూశాను. అంత సంతోషం నాకు అంతకుముందు తెలీదు. ఆ తర్వాతా కలగలేదు.

పది నిమిషాలు కూడా ఉండి ఉండను. వచ్చిన దారినే తిరిగి వచ్చాను. లోపలికొచ్చి గేటు మూసి, గడియ ఎత్తుతుంటే, "గోపికా! యాడుండావే?" అని అమ్మ కేకేసింది. గడియ ఒక కొస కొక్కెంలో పడింది. రెండో కొస పడిందో లేదో చూసుకోలేదు. పరిగెత్తాను.

మేం అన్నాలు తింటుండగా బయట డబ్బాలు దొర్లిన చప్పుడైంది. హైనా ఏదో గిన్నెల మీద పడిందనుకుని నాయన టార్చి పట్టుకుని లేచాడు. అది హైనా కాదు. ఒంటరి మగ ఏనుగు, గేటు తోసుకుని లోపలికి వచ్చి, పందిట్లో ఉన్న మొక్కజొన్న పిండి బస్తా లాగుతోంది. వెలుగు కంట్లో పడగానే అది చెవులు విప్పి ఇటు తిరిగింది. నాయన వెనక్కి వెనక్కి పరిగెత్తి, బురద గుంట అంచున కాలు జారి, పైపుల మీదుగా గుంటలో పడ్డాడు. పీరయ్య ఎక్కడి నుంచి వచ్చాడో, ఒక చేతిలో మండుతున్న కొమ్మ, రెండో చేతిలో రేకు. రేకును నేలకేసి కొడుతూ, అరుస్తూ, ఆ ఏనుగును ఒక్కడే గేటు దాకా తరిమాడు.

ఏనుగు నాయన్ను తాకనైనా లేదు. కుడి కాలు మాత్రం మోకాలి పైన రెండు చోట్ల విరిగింది.

రామనారాయణ మామ పికప్పు తిప్పుతున్నాడు. అమ్మ ఏడుస్తోంది. అవ్వ నాయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను మాత్రం పీరయ్యను చూస్తున్నాను. ఆయన టార్చి తీసుకుని గేటు దగ్గరికి వెళ్లి, నేల మీద వెలుగు వేసి, కాసేపు కదలకుండా నిలబడ్డాడు. తర్వాత కంపలోంచి ఒక కొమ్మ లాగి గేటు ముందు నేలంతా ఊడ్చేశాడు. పికప్పుకు దారి శుభ్రం చేస్తున్నాడనుకున్నారు అందరూ. అక్కడ ముల్లూ లేదు, రాయీ లేదు. నా రబ్బరు చెప్పుల జాడ ఉంది, బయటికి ఒక వరస, లోపలికి ఒక వరస.

ఆ తర్వాత ఆయన పికప్పు వెనక ఎక్కి, నాయన కాలు తన ఒడిలో పెట్టుకుని పట్నం ఆస్పత్రి దాకా వెళ్లాడు.

మూడో రోజు కంపెనీ మేనేజరు వచ్చాడు. ముందు ఆస్పత్రిలో నాయన్ను చూసి, తర్వాత క్యాంపుకు వచ్చి గేటు, గడియ, కొక్కేలు చూశాడు. విరిగినవేమీ లేవు. పీరయ్యను పిలిచి అడిగాడు. పీరయ్య చేతులు కట్టుకుని, "గడియ సరిగ్గా వేయలేదేమో సార్. తప్పు నాదే" అన్నాడు. ఐదు నిమిషాల్లో తేలిపోయింది. ఆ పూటే వెళ్లిపొమ్మన్నారు.

తన దుప్పటి, ఒక గిన్నె మూట కట్టుకుని ఆయన అవ్వ దగ్గరికి చెప్పి పోవడానికి వచ్చాడు. అవ్వ చింతచెట్టు కింద కూర్చుని ఉంది. నన్ను పిలిచింది.

"అడగవే గోపికా. గడియ నిజంగా నువ్వే మర్చిపోయినావా పీరయ్యా, అని అడుగు. నేను నమ్మను. ఇన్ని దినాలుగా జూస్తాండా ఈ బిడ్డని. గడియేసి రెండు చేతులా లాగి జూసుకోకుండా పక్కకి పోడు. అడుగు."

నేను ఇంగ్లీషులో అడిగాను. "గడియ మీరు మర్చిపోయారా అని అవ్వ అడుగుతోంది."

ఆయన అవ్వ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేనింకా ఏమన్నా అంటానేమోనని కాసేపు ఆగాడు. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

"అవునని చెప్పు" అన్నాడు.

"ఏందంటాడు?" అంది అవ్వ.

"మర్చిపోయినాడంట."

"నిజంగా అట్టనే అన్నాడా?"

"అవునవ్వా. అట్టనే అన్నాడు."

అబద్ధం చెప్పలేదు నేను. ఆయన అన్న మాటే చెప్పాను. అవ్వ మా ఇద్దరి ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసి, లేచి, మిగిలిన రాగిపిండి సంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండు చేతులూ చిన్నగా చప్పట్లు కొట్టినట్టు కలిపి, మోకాళ్లు వంచి, "జికోమో" అన్నాడు. వాళ్ల భాషలో మేలు చేసినవాళ్లకు చెప్పే మాట. కంచె పక్కగా, మేం రోజూ జాడలు చూస్తూ తిరిగిన దారిలోనే నడిచి వెళ్లిపోయాడు.

మేం ముగ్గురం ముందు తిరిగొచ్చాం, నాయన రెండు ఆస్పత్రులు మారి, కాల్లో ప్లేట్లు వేయించుకుని, ఆగస్టులో ఇంటికి వచ్చాడు. కాలు రెండంగుళాలు పొట్టిదైంది. బోరు బండి మీద రోజంతా నిలబడే పనికి ఇక పనికిరాడన్నారు. ఆత్మకూరు ఇల్లు ఖాళీ చేసి ఉదయగిరి అవతల అవ్వ ఇంటికి చేరాం. నాయన ఉదయగిరిలో మోటార్లకు వైండింగ్ చుట్టే షాపులో కూర్చుని చేసే పనికి కుదిరాడు. అమ్మ ఉదయగిరికి పేరు తెచ్చిన చెక్క చెంచాలు చెక్కడం నేర్చుకుంది. మొదటి రెండేళ్లు ఆమె వేళ్లకు గుడ్డపేలికలు లేని రోజు లేదు. నేను ఊళ్లో బడికి మారాను.

నాయనకు చలికాలంలో కాలు సలుపుతుంది. అలా సలిపినప్పుడల్లా అమ్మ నూనె కాచి రాస్తూ ఒకే మాట అనేది. "ఆ కాపలావాడు ఒక్క గడియ సక్రమంగా ఏసుంటే ఈ గతి పట్టేదా మనకి? వాడి చేతులు పడిపోను!"

"వదిలెయ్యవే" అనేవాడు నాయన.

అవ్వ మాత్రం ఊరుకునేది కాదు. "పీరయ్యని ఏమనబాకమే. మర్చిపొయ్యే మనిషి గాడు వాడు" అనేది. "మరెవురు తీసినారు అత్తా, నువ్వు తీసినావా?" అని అమ్మ గదిమేది. నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని. మొదట భయం. దెబ్బలు పడతాయని, నాయన నా ముఖం చూడడని. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలన్న భయం. ఏళ్లు గడిచేకొద్దీ చెప్పడం తేలికవుతుందనుకున్నాను. నోరు తెరవడం ఇంకా కష్టమైంది. అవ్వ కరోనా ఏడాది పోయింది. జ్వరంలో కూడా ఒకసారి "గడియ లాగి జూసినావా పీరయ్యా" అంది. పక్కన నేనే ఉన్నాను. అప్పుడైనా చెప్పలేదు.

ఈ ఏడు జూన్‌లో రామనారాయణ మామ సెలవు మీద కలువాయికి వచ్చి, ఒక ఆదివారం మమ్మల్ని చూడటానికి వచ్చాడు. నాయన మంచం మీద, మామ కుర్చీలో, అమ్మ గడప దగ్గర కూర్చుని ఒక చెంచాను గరుకు కాగితంతో రుద్దుతోంది. నేను టీ ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక మామ అన్నాడు.

"మొన్న మన పాత క్యాంపు వైపు పోయినా బావా. మన ఫిరి కనపడినాడు రోడ్డు మింద. సైకిలుకి బొగ్గుల మూటలు కట్టుకొని నెట్టుకపోతాండాడు. గుర్తుపట్టలేకపోయినా, అంత సన్నబడినాడు. ఆ పొద్దు తీసేసినాక మళ్లా ఏ క్యాంపులోనూ కాపలా పనికి పెట్టుకోలేదంట. గడియెయ్యనోడని పేరు పడిపాయె గదా. అడివిలో బొగ్గులు గాల్చి అమ్ముకుంటాండాడు."

"కావాల్సిందే వాడికి" అంది అమ్మ, చెంచా మీద నుంచి తల ఎత్తకుండానే.

"గడియ తీసింది నేనమ్మా" అన్నాను.

అనాలనుకుని అన్న మాట కాదు. అంతకుముందు వెయ్యిసార్లు లోపల లోపల అనుకున్నందుకేమో, దానంతట అది బయటికి వచ్చింది. నా గొంతే నాకు వేరెవరిదోలా వినిపించింది.

"ఏంది?" అంది అమ్మ.

"ఏనుగు పిల్లని చూడాలని గడియ తీసి బయటికి పోయినాను. తిరిగొచ్చి సరిగ్గా ఎయ్యలేదు. నువ్వు పిలిచినావు, పరిగెత్తినాను. పీరయ్య ఏసినాడు. లాగి కూడా చూసినాడు. నేనే."

నాయన తన కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుని, దాని వైపే చూస్తూ అన్నాడు.

"నాకు తెలుసమ్మా."

నేను గోడ వదిలి ఆయన వైపు తిరిగాను.

"పికప్పులో పోతాంటేనే చెప్పినాడు ఆయన. 'చిన్న పాదాలు సార్, పోయి వొచ్చినాయి. ఎవురికీ చెప్పను' అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నా, అంతే. నొప్పికి మాట రాలేదనుకో. మూడో దినం మేనేజరు ఆస్పత్రికి వొచ్చి అడిగినప్పుడు నాకు మాట వొచ్చింది. మీ ఇంటోళ్ల తప్పయితే కంపెనీకి సంబంధం లేదు, కాపలావాడిదయితే వైద్యమంతా మాదే అన్నాడు. నేను పలక్కుండా గోడ తట్టు తిరిగి పండుకున్నా. చిన్నబిడ్డవి నువ్వు, నీకేం తెలుసు. నాకు ముప్పైయెనిమిదేండ్లు అప్పుడు."

అమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. నన్ను చూసింది, నాయన్ను చూసింది.

"తొమ్మిదేండ్లుగా నేను ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిడతాంటే, మీరిద్దురూ వింటా కూచున్నారా?"

అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. రామనారాయణ మామ చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కింద పెట్టి, దాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. నాయన ఆయన వైపు తిరిగాడు.

"రామనారాయణా, నువ్వు మళ్లా పొయ్యేటప్పుడు ఒక ఉత్తరం ఇస్తే ఆయనకి అందిస్తావా?"

"ఎతికైనా ఇస్తా బావా."

"మేనేజరుకి గూడా ఒకటి. వాడికేం రాయాలో నేను చెప్తా, నువ్వు ఇంగ్లీషులో రాయమ్మా. ఇప్పుడు రాస్తే ఏం లాభమంటావా? ఏమో. రాద్దాం."

మామ ఆ పూట ఉండిపోయాడు. భోజనాలయ్యాక నేను కాగితం, పెన్ను తెచ్చుకుని వసారాలో కూర్చున్నాను. మేనేజరుకు రాయడం సులువుగానే అయింది. పీరయ్యకు మొదటి మాట ఏం రాయాలో తోచలేదు. క్షమించమని రాసి కొట్టేశాను. గడియ తీసింది నేను అని రాసి, అది ఆయనకు తెలిసిందే కదా అని అదీ కొట్టేశాను. లోపలి నుంచి అమ్మ వచ్చి నా వెనక నిలబడింది. ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది.

"తప్పులూ నేరాలూ తర్వాత రాద్దువుగానీ" అంది. "ముందు ఆయన బాగుండాడా, ఇంట్లో ఆమె బాగుండాదా, పిల్లకాయలు ఏం చేస్తాండారు అని అడగవే. అట్ట గదా మొదలుపెట్టేది. ఎంతమంది పిల్లకాయలు ఆయనకి?"

పెన్ను ఆగిపోయింది. నాయన వైపు చూశాను. ఆయన మామ వైపు చూశాడు. మామ తల అడ్డంగా ఊపాడు.

నెల పైనే రోజూ పొద్దున్నే ఆయన వెనకాల నడిచాను. హైనా గోళ్ల గురించి అడిగాను, గున్న వయసు అడిగాను, నదిలో మొసళ్లెన్ని అని అడిగాను. ఇంట్లో ఎవరెవరున్నారని ఒక్కసారి కూడా అడగలేదు.

అవ్వకైతే తెలిసే ఉండేది.